సముద్రం ఎప్పుడూ ఎడమ పక్కనే

చి. బుజ్జికి మావయ్య దీవెనలు.

గోపాల్‌పూర్‌లో జాలర్లు ఒడ్డునుంచి పెద్ద అలివి వల లాగడం మీద వీడియో తీస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బరంపురంలోని మనవాళ్ల పిల్లలు గోపాల్‌పూర్ దీపస్తంభం ముందు డాన్సు రీళ్లు తీసుకుంటూ ఉంటే నువ్వు జాలర్ల పని తియ్యాలనుకున్నావు. చాలా గర్వంగా ఉందమ్మా. రాత్రి నిద్ర కూడా పట్టలేదు, అది వేరే సంగతి. తెరలోకి చూస్తూ వెనక్కి నడవకు. అలకి వీపు పెట్టకు. బిగిసిన తాడుకీ నీళ్లకీ మధ్య దూరకు. ఈ మూడూ ముందు రాసుకో, తర్వాతే మిగతావి.

తేలికైనవి చెప్పేస్తాను. కెమెరాలో గళ్ల గీతలు ఆన్ చెయ్యి. ఉప్పు తేమకి లెన్సు మసకబారుతుంది, కాటన్ గుడ్డ జేబులో పెట్టుకుని పది నిమిషాలకోసారి తుడు. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకసూ వెలుతురూ లాక్ చెయ్యి, లేకపోతే ప్రతి అలకీ బొమ్మ వెలిగి ఆరుతుంది. ప్రతి షాటూ మనసులో పది లెక్కపెట్టేదాకా కదపకు. తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు ఒక్కొక్కటీ ఒక్కోలా దిగుతాయి, కాళ్ల కింద చెక్కముక్కలు వెయ్యి. సముద్రపు గీత ఒక పిసరు వాలినా చూసేవాళ్ల కన్ను అక్కడే పడుతుంది.

ఆ గీత గురించి ఇంకొంచెం. నీళ్లూ ఆకాశం కలిసే గీతని పై మూడో వంతు దగ్గరో కింది మూడో వంతు దగ్గరో పెట్టమని అందరూ చెబుతారు. మబ్బులు బాగుంటే గీత కిందికి, ఇసుక మీద పని ఉంటే పైకి. సరే. ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఇసుక సమంగా ఉన్నంతవరకు, లెన్సు ఎంత ఎత్తున ఉంటే ఆ గీత ఎదుటి మనుషుల్ని సరిగ్గా అంత ఎత్తులోనే కోస్తుంది. నీ కంటి ఎత్తున పట్టుకుంటే నీ అంత మనిషికి కళ్ల మీదుగా పోతుంది, భుజం ఎత్తున పట్టుకుంటే మెడ నరికినట్టుంటుంది. నడుం ఎత్తుకి దించు. తలా భుజాలూ శుభ్రంగా ఆకాశం మీద పడతాయి, లాగేవాళ్ల చేతులు విడిగా కనిపిస్తాయి. ఎదురెండలో మొహం నల్లబడితే తెల్ల పంచె ఒకటి ఎవరిచేతనైనా పట్టించి వెలుగు తిప్పి కొట్టించు. సెట్లో లైటుని తెల్లగుడ్డ మీదికి కొట్టి మెత్తబరిచే పద్ధతి, సత్యజిత్ రే కెమెరామన్ సుబ్రతా మిత్రాది, 1950ల నాటిది, నీ పంచెదీ అదే సూత్రం.

ఇక అసలు సంగతికొస్తాను, ఇది రెండుసార్లు చదువు.

అలివి వలకి తాళ్లు రెండు. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వల జారవిడుస్తూ అర్ధచంద్రంలా తిరిగి, రెండో కొస కొంత ఎడంగా ఒడ్డుకి తెస్తారు. రెండు జట్లు లాగుతూ, వల దగ్గరపడేకొద్దీ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు రెండు జట్లూ అందుతాయి కదా అని సరిగ్గా మధ్యన నిలబడతారు. ఇటు తిరిగి ఒక జట్టు, అటు తిరిగి ఇంకో జట్టు. అక్కడున్నంతసేపూ తప్పు తెలియదు. ఎడిటింగులో రెండు షాట్లూ పక్కపక్కన పడ్డాక తెలుస్తుంది. ఇచ్ఛాపురం వైపు, అంటే నైరుతికి తిరిగి తీసినదాంట్లో సముద్రం ఎడమన ఉంటుంది, మనుషులు కుడికి లాగుతుంటారు. రుషికుల్య ఏటి మొగ వైపు, అంటే ఈశాన్యానికి తిరిగి తీసినదాంట్లో సముద్రం కుడిన, మనుషులు ఎడమకి. ఒకే వలని ఒడ్డుకి తెస్తున్న రెండు జట్లు కాస్తా పండగ పూట తాడులాట ఆడుతున్నట్టు ఒకళ్ల మీదకి ఒకళ్లు లాక్కుంటుంటారు. వల ఎటు వస్తోందో, సముద్రం ఎక్కడుందో చూసేవాళ్లకి బోధపడదు. వాళ్లు తీరం మీద నిలబడలేదు కదా, వాళ్లకున్న దిక్కులల్లా తెర కుడీ ఎడమే.

అందుకే తాడునే దాటకూడని గీత అనుకో. దానికి ఒక పక్కనే ఉండు, 180 డిగ్రీల అర్ధవృత్తం దాటకు. తాళ్లు దాదాపు సమాంతరంగా ఉంటాయి కాబట్టి రెండింటికీ అదే పక్కన నిలబడితే చాలు. పొద్దుటిపూట నీ వీపు రుషికుల్య వైపు, మొహం ఇచ్ఛాపురం వైపు ఉండనీ. సముద్రం ఎప్పుడూ ఎడమ పక్కనే. గోపాల్‌పూర్ తీరం ఆగ్నేయానికి చూస్తుంది కనక సూర్యుడు ఏ కాలంలోనైనా సముద్రానికి ఎదురుగా నిలబడ్డవాళ్లకి ఎడమవైపే లేస్తాడు, డిసెంబరులో కొంచెం, జూన్‌లో బాగా. అంటే నీ వెనకనుంచి వెలుగు పడి మొహాలు కనిపిస్తాయి. గీత దాటావా, దిక్కుతోపాటు ఎండ కూడా తిరగబడుతుంది. చలికాలం సాయంత్రం మాత్రం అదే చోట ఎదురెండ, నీడబొమ్మలే వస్తాయి.

దాటక తప్పకపోతే మధ్యలో తాడు వెంబడే నేరుగా సముద్రంలోకి చూస్తూ ఒక షాటు పెట్టు, దానికి కుడీ ఎడమా ఉండవు. లేదా కెమెరా నడుస్తూ దాటడం చూసేవాళ్లకి కనిపించనీ. తర్వాత ఎడిటింగులో బొమ్మని అద్దంలోలా తిప్పేద్దామనుకోకు. బోటు మీది అంకెలూ చొక్కా మీది అక్షరాలూ కుడి ఎడమలు తారుమారై పట్టిచ్చేస్తాయి.

టేపుల కాలంలో టేపు అయిపోతుందన్న భయానికైనా జనం ముందు నిలబడే చోటు వెతుక్కునేవారు. ఇప్పుడు కార్డు నిండదు, కాళ్లు ఆగవు. తిట్టడం లేదమ్మా. లాగడం మొదలయ్యేముందు ఫోను జేబులో పెట్టి ఒడ్డంతా ఒకసారి నడిచి చూడు, అంతే.

మనుషుల వరుసని దూరం నుంచి 3ఎక్స్ లెన్సుతో తియ్యి. ఒకరి వెనక ఒకరు దగ్గరగా పేరుకుని ఆ లాగుడు బరువు కనిపిస్తుంది. అల్ట్రావైడ్‌లో అంచునున్నవాళ్లు సాగిపోతారు, అది ఖాళీ తీరానికి ఉంచుకో. లాగేవాళ్లు చూస్తున్న వైపు తెరలో చోటు వదులు. తాడు రేగిన అరచేతులు దగ్గర్నుంచి ఒక్క షాటైనా కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకి వేట నిషేధం, ఆ రోజుల్లో ఒడ్డున వలలు బాగుచేసే చేతులు దొరుకుతాయి.

కవళ్ల చేపల గంపల ముందు కూర్చున్న ఆడవాళ్లని నిలబడి పైనుంచి తియ్యకు. పైనుంచి చూస్తే ఎంతటి మనిషైనా బీదగా కనిపిస్తుంది. అడిగి, వాళ్లతో పాటు ఇసుకలో కూర్చుని, వాళ్ల కంటి ఎత్తున తియ్యి. వాళ్లు మాట్లాడేది తెలుగు, నీ వీడియో చూసేవాళ్లలో సగం ఒడియా వాళ్లు. కింద రెండు వరుసల ఒడియా అక్షరాలు వేస్తావు కనక తెర కింది అయిదో వంతులో చేతులూ చేపలూ పడకుండా చూసుకో.

నిలువు రీలు కూడా కావాలన్నావట. అడ్డంగా 1920×1080లో తీసినదాన్ని 9:16కి కోస్తే వెడల్పు 607 చుక్కలే మిగులుతుంది, 4కెలో తీస్తే 1215 వస్తుంది. అయినా కోతలో వరుస మొత్తం పట్టదు. అరచేతులూ, గంపలూ, ఒక్కో మొహం నిలువుగా విడిగా తియ్యి. వరుసని అడ్డంగానే ఉంచు.

పాట తగిలించకముందే కోయని క్లిప్పులన్నీ పట్టుకుని ఇంటికి రా. ధ్వని ఆపేసి చూద్దాం. ఏ షాటులోనైనా సముద్రం కుడిపక్కకొచ్చిందా, అక్కడే ఆపి అడుగుతాను. తడిసిన బట్టలతో బస్సెక్కకు, ఒక జత అదనంగా పట్టికెళ్లు.

మీ మావయ్య