3 అడుగుల రీఫ్ ట్యాంక్ నుంచి 6 అడుగులకి వెళ్లే ముందు, గ్లాస్ ఆర్డర్ ఇవ్వకముందే చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: నిజాంపేటలో నాలుగో ఫ్లోర్ ఫ్లాట్, 3 అడుగుల రీఫ్ ట్యాంక్ (కోరల్స్ అంటే పగడాలు పెంచే ఉప్పు నీళ్ల అక్వేరియం) రెండేళ్లుగా బాగానే నడుస్తోంది, ఇప్పుడు హాల్లో 6×2×2 అడుగులది పెట్టాలి, ఏ లైటు ఏ స్కిమ్మర్ (నురగతో నీళ్లలోని మురికి లాగే పరికరం) కొనాలి అని. నేను సరిగ్గా ఇదే పని మూడేళ్ల కింద చేశానండి, ఈసీఐఎల్ వైపు, మూడో ఫ్లోర్‌లో. లైటు, స్కిమ్మర్ గురించి చివర్లో చెప్తా, అవి డబ్బుంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బరువు, నీళ్లు, ఎండ, కరెంటు ఈ నాలుగూ మాత్రం ట్యాంక్ పెట్టేశాక మార్చడం చాలా కష్టం, నాకు నిద్ర లేకుండా చేసింది కూడా ఇవే.

ముందు బరువు. 6×2×2 అంటే 24 ఘనపు అడుగులు, అంటే నిండా పోస్తే 680 లీటర్లు. ఉప్పు నీళ్లు మామూలు నీళ్లకంటే కాస్త బరువు, కాబట్టి నీళ్లే దాదాపు 700 కిలోలు. 12 ఎంఎం గ్లాస్ చదరపు మీటరుకి 30 కిలోలు తూగుతుంది, ఐదు వైపులా కలిపితే ఇంకో 120 కిలోలు. కింద సంప్‌లో (ట్యాంక్ నీళ్లు దిగి శుభ్రమై మళ్లీ పైకెళ్లే చిన్న తొట్టి) 120–150 లీటర్లు, స్క్వేర్ పైప్ స్టాండ్, రాళ్లు, ఇసుక అన్నీ వేసుకుంటే 1100 కిలోలు దాటుతుంది, అదంతా 12 చదరపు అడుగుల చోటులో నిలబడుతుంది. మన ఇళ్ల స్లాబులకి ఐఎస్ 875 కోడ్ ప్రకారం లెక్కేసే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు మాత్రమే. అంటే పెట్టగానే స్లాబ్ కూలిపోతుందని కాదు, ఆ లెక్క గది మొత్తానికి వేసేది, కానీ ఏళ్ల తరబడి ఒకే చోట టన్ను బరువు నిలబెట్టేటప్పుడు అది బీమ్ మీదుగా, పిల్లర్‌కి దగ్గరగా పడుతుందా లేక స్లాబ్ మధ్యలో పడుతుందా అన్నది చాలా ముఖ్యం. నేను బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకుని ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించా, ఆయన టీవీ గోడ వైపు వద్దని చెప్పి డైనింగ్ పక్కన బీమ్ పోయే గోడ చూపించారు, మా ఆవిడకి నచ్చలేదు గానీ ట్యాంక్ అక్కడే పెట్టాం. దీని మీద పెట్టే రెండు మూడు వేలకి దయచేసి వెనకాడకండి, కింద ఫ్లాట్‌లో కూడా మనుషులు ఉంటారు.

ఇంకోటి, అతికించేసిన 6 అడుగుల ట్యాంక్ మీ లిఫ్ట్‌లో పట్టదు, మెట్ల మలుపులో తిరుగుతుందా లేదా టేప్ పెట్టి కొలవండి. మాకు తిరగలేదు, గ్లాసులు విడిగా పైకి తెచ్చి హాల్లోనే సిలికాన్ వేయించాం, పది రోజులు ఆరనిచ్చి, ఇంకో మూడు రోజులు మంచినీళ్లతో నింపి లీక్ టెస్ట్ చేశాం.

ఇప్పుడు నీళ్లు, దీని మీద కాస్త ఎక్కువే రాస్తా ఎందుకంటే హైదరాబాద్‌లో రీఫ్ నడపడమంటే సగం నీళ్ల పనే. అపార్ట్‌మెంట్ కింద సంప్‌లో మునిసిపల్ నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు మూడూ కలుస్తాయి, ఏ నెలలో ఏవి ఎంత ఉంటాయో ఎవరికీ తెలీదు. మా ఇంట్లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటర్ ఆగస్టులో 250 చూపిస్తే మేలో 900 చూపించింది. వంటింటి ఆర్వో పనికిరాదు, అందులో రుచి కోసం ముడి నీళ్లు కొంచెం తిరిగి కలుపుతారు. విడిగా ఆర్వో డీఐ (ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని కూడా రెసిన్‌తో తీసేసే ఫిల్టర్) కావాలి, బూస్టర్ పంప్‌తో, బయటికొచ్చే నీళ్లు టీడీఎస్ 0 ఉండాలి. మెంబ్రేన్ 96 శాతం తీసేసినా 900 టీడీఎస్ నీళ్లలో 36 మిగిలిపోతుంది, అది మొత్తం డీఐ రెసిన్ మీద పడి రెసిన్ చూస్తుండగానే అయిపోతుంది. అందుకే నేను మునిసిపల్ నీళ్లు వదిలే రోజు విడి కుళాయి నుంచి డ్రమ్ముల్లో పట్టుకుని దాన్నే ఆర్వోకి పెడతా.

లెక్క చూడండి, మొత్తం సిస్టమ్‌లో అసలు నీళ్లు 750 లీటర్లు అనుకుంటే, 1 లీటర్ మంచి నీటికి 3 లీటర్లు వేస్ట్ పోతే మొదటిసారి నింపడానికే 3000 లీటర్లు కావాలి, అంటే 5000 లీటర్ల ట్యాంకర్‌లో సగం పైన. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో నీళ్లు రావట్లేదని గొడవ జరిగే ఏప్రిల్ నెలలో ఇది మొదలుపెట్టకండి, వానాకాలం మధ్యలోనో, ఇంకా మంచిది దసరా తర్వాతో పెట్టుకోండి. వేస్ట్ నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం ఫ్లష్‌కి వాడుకోవచ్చు, మేము ఇప్పటికీ అలాగే చేస్తాం. సాల్ట్ మిక్స్ లీటరుకి సుమారు 36 గ్రాములు, అంటే మొదటిసారే 27 కిలోలు, తర్వాత వారానికి పది శాతం మార్చినా ప్రతిసారీ 2.7 కిలోలు. ఈ నెలవారీ ఖర్చు రాసి పెట్టుకుని అప్పుడు గ్లాస్ సైజ్ తేల్చుకోండి. సముద్రం నీళ్లు బాపట్ల సూర్యలంక నుంచి డ్రమ్ముల్లో తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు, వద్దండి, ఒడ్డు దగ్గర నీళ్లలో మట్టి, ఏ మురుగు కలిసిందో తెలీదు, ప్రయాణంలో వేడెక్కి అందులో ఉన్న చిన్న ప్రాణులు చచ్చి కుళ్లుతాయి.

ఎండ సంగతి. రీఫ్‌కి 25–26 డిగ్రీలు కావాలి, మన దగ్గర మేలో బయట 42, ఇంట్లో ఏసీ లేకపోతే 34–35. 3 అడుగుల ట్యాంక్ మీద ఫ్యాన్ పెట్టి మీరు నెట్టుకొచ్చి ఉంటారు, అది పనిచేసేది ఎయిర్ కూలర్ పనిచేసిన కారణంతోనే, మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. ఒక లీటర్ నీళ్లు ఆవిరైతే కరెంటు లెక్కలో దాదాపు 0.67 యూనిట్ల వేడి తీసుకుపోతుంది, మా ట్యాంక్‌లో ఏప్రిల్లో రోజుకి 10 లీటర్లు ఆవిరయ్యేవి, అంటే రోజుకి ఆరున్నర యూనిట్ల పైన వేడి ఊరికే పోతోంది. కానీ వాన పడి గాలిలో తేమ పెరిగిన రోజు ఫ్యాన్ చేతులెత్తేస్తుంది, అందుకే ఇంత పెద్ద ట్యాంక్‌కి చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) తప్పదు. లోపల కాయిల్ టైటానియంది అవునో కాదో కనుక్కోండి, రాగి అయితే ఉప్పు నీళ్లలో కరిగి కోరల్స్‌ని, రొయ్యల్ని చంపేస్తుంది. చిల్లర్‌ని హాల్లో స్టాండ్ లోపల పెట్టకండి, నీళ్లలోంచి తీసిన వేడిని అది మళ్లీ గదిలోకే వదుల్తుంది, ఏసీ దాన్ని మళ్లీ మొయ్యాలి. నేను బాల్కనీలోకి గోడకి రెండు రంధ్రాలు కొట్టించి బయట పెట్టా, ట్యాంక్ పెట్టకముందే కొట్టించడం వల్ల దుమ్ము సమస్య రాలేదు. డిసెంబర్ రాత్రులకి హీటర్ కూడా కావాలి, ఒక పెద్దది కాకుండా రెండు చిన్నవి పెట్టండి, ఒకటి ఆన్‌లోనే ఇరుక్కుపోయినా ట్యాంక్ ఉడికిపోదు.

ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది, కాబట్టి ఏటీఓ (ఆవిరైనంత మంచి నీళ్లు దానంతట అదే పోసే పరికరం) ఉండాలి, దాని డబ్బా కనీసం నాలుగు రోజులకి సరిపడా 40 లీటర్లు ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

కరెంటు గురించి నా అనుభవం కాస్త చేదుది. ట్యాంక్ పెట్టిన రెండో నెలలో రాత్రి రెండింటికి కరెంటు పోయింది, రిటర్న్ పంప్ (సంప్ నుంచి నీళ్లు పైకి పంపేది) ఆగింది, పైనుంచి నీళ్లు వెనక్కి సంప్‌లోకి దిగాయి, సంప్ పొంగింది. పొద్దున్నే కింద ఫ్లాట్ ఆంటీ వచ్చి తలుపు కొట్టారు, వాళ్ల పూజగది సీలింగ్ నుంచి ఉప్పు నీళ్లు కారుతున్నాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం చాలా బాధేసింది, పెయింట్ నేనే వేయించా. తప్పు ఏంటంటే 6×2 అడుగుల ట్యాంక్‌లో నీటి మట్టం ఒక్క అంగుళం దిగితే 28 లీటర్లు, రిటర్న్ పైపు మూతి రెండంగుళాలు లోపలికి మునిగి ఉంటే 56 లీటర్లు, పైపుల్లో ఉన్నది అదనం. నా సంప్‌లో అంత ఖాళీ లేదు. ఇప్పుడు రిటర్న్ మూతి నీటి మట్టానికి అరంగుళం కిందే ఉంటుంది, సంప్ మీద పంప్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇంతకి మించి నింపకూడదని గీత గీశా. మీరు పైపింగ్ అయిన రోజే మంచినీళ్లతో నింపి మెయిన్ స్విచ్ ఆపి చూడండి, ఒకసారి కాదు, ఐదారు సార్లు. నన్ను అడిగితే ఓవర్‌ఫ్లోకి (పైనుంచి సంప్‌లోకి నీళ్లు దిగే దారికి) రెండు పైపులు, ఒకటి మూసుకుపోయినా రెండోది మొత్తం నీళ్లు తీసుకునేలా ఉండాలి. యూనియన్లు, బాల్ వాల్వులు, ట్యాంక్ కనెక్టర్లు అన్నీ రాణిగంజ్‌లో ఒకే పూటలో దొరుకుతాయి, కొలతలు రాసుకుని వెళ్లండి.

కరెంటు పోతే ముందు పోయేది ఆక్సిజన్, వేడి తర్వాత సంగతి. అందుకే ఇన్వర్టర్‌కి వేవ్‌మేకర్ (ట్యాంక్‌లో నీళ్లు కదిలించే పంప్) ఒక్కటి కలిపినా చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు, సగమే వాడుకున్నా 40 వాట్ల వేవ్‌మేకర్ దాదాపు ఇరవై గంటలు తిరుగుతుంది. చిల్లర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టకండి, కొద్ది గంటల్లోనే బ్యాటరీ ఖాళీ.

ఇక మార్చే రోజు. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయొద్దనే ఇంత రాస్తున్నా. పాత ట్యాంక్ ఇసుకలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది కదా అని మొత్తం ఇసుక ఎత్తి కొత్తదాంట్లో పోశా. ఏళ్ల మురికి అడుగున పేరుకుని ఉంటుంది, కదిలించగానే అదంతా నీళ్లలో కలిసింది, రెండో రోజుకి అమ్మోనియా కనపడింది, నాలుగో రోజుకి నేను నాలుగేళ్లుగా పెంచిన క్లౌన్ చేపల జంట పోయింది. ఇప్పటికీ ఆ మూల చూస్తే గుర్తొస్తాయి. ఇసుక కొత్తది కొనండి, పాతది ఒక గుప్పెడు బాగా కడిగి వేస్తే వేయండి, బ్యాక్టీరియా అసలు ఉండేది రాళ్లలో. మంచి పద్ధతి ఏంటంటే పాత ట్యాంక్ నడుస్తూనే ఉండాలి, కొత్తదాన్ని పక్కన పెట్టి డ్రై రాక్ (ఎండిన, ప్రాణుల్లేని రాయి), కొత్త ఇసుక, పాతదాంట్లోంచి రెండు మూడు రాళ్లు వేసి నాలుగైదు వారాలు సైకిల్ చేసి (అంటే మంచి బ్యాక్టీరియా పెరగనిచ్చి), అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే కోరల్స్, తర్వాత చేపలు. జోవాలు (చిన్న పూలలా ఉండే మెత్తటి పగడాలు) అంటుకున్న రాళ్లని బ్రష్‌తో రుద్దడం, వేడి నీళ్లు పోయడం అస్సలు చేయకండి, వాటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు, ఆవిరి పీల్చినా ఆసుపత్రి పాలవుతారు. గ్లౌజులు, కళ్లజోడు పెట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

అన్నట్టు, పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజు, కాలనీలో దోమల మందు పొగ కొట్టే సాయంత్రం కిటికీలు మూసేయండి, స్కిమ్మర్ ఆపేయండి, అది గదిలోని గాలినే నీళ్లలోకి లాగుతుంది, ఆ మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకీ రొయ్యలకీ విషం.

కోరల్స్ కొనేటప్పుడు చట్టం కూడా చూసుకోండి. మన సముద్రాల్లోని గట్టి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, మన్నార్ నుంచో అండమాన్ నుంచో తీసినవి కొనడం నేరం, అక్కడి రీఫ్‌కి కూడా నష్టం. విదేశాల నుంచి వచ్చిన గట్టి కోరల్స్‌కి కాగితాలు అడగండి, సైటీస్ (అరుదైన ప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని ప్రాణుల్ని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో రూల్స్ వచ్చాయి. బిల్లు ఇవ్వని చోట కొనకండి. నేనైతే ఎక్కువగా మెత్తటి రకాలైన లెదర్లు, మష్రూమ్‌లు, జోవాలే పెంచుతా, ఆరు అడుగుల ట్యాంక్‌లో అవి ఊగుతుంటే చూడ్డానికి కళ్లు చాలవు. రాళ్లకి డ్రై రాక్ గానీ మనుషులు తయారుచేసినవి గానీ తీసుకోండి. క్లౌన్‌లు ట్యాంక్‌లో పుట్టినవే అడిగి తీసుకోండి, వాటిని పుట్టించే పద్ధతి మన దగ్గర సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు కూడా తయారుచేశారు.

కెమిస్ట్రీలో కొత్తగా చెప్పేది ఎక్కువ లేదు, ఆల్కలినిటీ 8–9 డీకేహెచ్, కాల్షియం 420–440 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం పైన. కాల్క్‌వాసర్ అని పెద్ద పేరు పెట్టి అమ్మేది సున్నం తేటే, కాకపోతే కిళ్లీ సున్నం వాడకండి, స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి, అదీ ఏటీఓ ద్వారా చుక్కలు చుక్కలుగా. ఏసీ కోసం రోజంతా కిటికీలు మూస్తే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ 7.8కి పడిపోతుంది, సున్నం తేట దానికీ పనికొస్తుంది.

మీరు అడిగిన లైటు: సాఫ్ట్ కోరల్స్ అయితే ఆరు అడుగులకి మూడు మామూలు ఎల్ఈడీ యూనిట్లు చాలు, మార్చిన రోజు 30 శాతంతో మొదలుపెట్టి నెల రోజుల్లో మెల్లగా పెంచండి, లేదంటే కోరల్స్ తెల్లబడతాయి. స్కిమ్మర్ 1000 లీటర్లకని రాసి ఉన్నది తీసుకోండి. పాత 3 అడుగుల ట్యాంక్ మాత్రం అమ్మకండి, రాళ్లన్నీ తీసేసి క్వారంటైన్‌గా ఉంచుకోండి, కొత్త చేప ఏదొచ్చినా నాలుగు నుంచి ఆరు వారాలు అందులోనే. రాగి మందు వాడాల్సొస్తే అక్కడే వాడాలి, ఆ వల, ఆ పైపు మళ్లీ పెద్ద ట్యాంక్‌లో పెట్టకూడదు. బ్లూ టాంగ్ మీద మనసుంటే అది ఒక అడుగు దాకా పెరుగుతుంది, ఆరు అడుగుల్లో ఒక్కటే, అదీ చివర్లో.

మీ హాల్ ప్లాన్, బీమ్‌లు ఎటు పోతున్నాయో, బాల్కనీ ఎంత దూరమో ఇక్కడ కింద రాయండి, చిల్లర్ పైపు సైజు, సంప్ కొలతలు నేను లెక్కేసి చెప్తా. అప్పటిదాకా గ్లాస్ వాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి.