అటక మీద దొరికిన పాత వాల్వు రేడియోని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: తాతగారి మర్ఫీ వాల్వు రేడియో అటక మీద దొరికింది, దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోలేదు, ప్లగ్గు పెట్టి చూడొచ్చా, పార్టులు హైదరాబాద్‌లో దొరుకుతాయా అని.

ప్లగ్గు మాత్రం పెట్టకండి. ఇన్నేళ్లు కరెంటు లేకుండా పడున్న సెట్‌లో మెయిన్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే అవి షార్ట్ అయి రెక్టిఫైయర్ వాల్వునీ (ఏసీని డీసీగా మార్చేది), ట్రాన్స్‌ఫార్మర్‌నీ కూడా కాల్చేస్తాయి. కండెన్సర్ అయితే కొత్తది కొనుక్కోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మళ్లీ చుట్టించుకోవాలి.

ముందు వెనక అట్ట విప్పి వాల్వుల మీది నంబర్లు రాసుకోండి. ఈసీహెచ్81, ఈఎల్84, ఈజెడ్80 లాంటివి ఉంటే ఇంట్లో చేసుకోదగ్గ సెట్టే. యూసీహెచ్81, యూసీఎల్82, యూవై85 అని 'యూ'తో మొదలైతే మాత్రం అది ఏసీ/డీసీ సెట్. మామూలుగా అందులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్ రేకు నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. నాబ్ ఊడిన ఇరుసు మీద వేలు పడినా షాక్ కొడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు అలాంటి సెట్ జోలికి పోవద్దనే నేను చెప్తాను.

మీది 'ఈ' అక్షరంతో మొదలయ్యే వాల్వుల సెట్టే అనుకుందాం. ఒక సీరీస్ బోర్డు చేసుకోండి: రేడియోకి వెళ్లే ఫేజు తీగ మధ్యలో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, అంతే. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉంటే అన్నిటికంటే ఎక్కువ వోల్టేజ్ దగ్గర పెట్టండి. రెక్టిఫైయర్ వాల్వు (ఈజెడ్80 లాంటిది) పీకేసి ఆన్ చేస్తే బల్బు మసకగా వెలగాలి. ధగధగా వెలుగుతూనే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపే షార్ట్ ఉన్నట్టు. అలాగే వదిలేయకుండా వెంటనే ఆపేయండి.

ఇక అసలు పని కండెన్సర్లు మార్చడమే. పాత రేడియో అనగానే అందరూ వాల్వుల గురించి టెన్షన్ పడతారు కానీ, నా చేతికి వచ్చిన సెట్లలో ఎక్కువ శాతం వాల్వులు బాగానే పనిచేశాయి. మెయిన్ కండెన్సర్ డబ్బాని అందం కోసం అలాగే ఉంచి, తీగలు తప్పించి, ఛాసిస్ కింద 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి కట్టండి. ఎక్కువైతే హమ్మింగ్ తగ్గుతుందని 100 పెట్టకండి. ఈజెడ్80 తర్వాత వచ్చే మొదటి కండెన్సర్‌కి 50 దాటకూడదు.

రెండోది, అసలు దొంగ, స్పీకర్‌ని నడిపే ఈఎల్84 వాల్వు గ్రిడ్‌కి (సిగ్నల్ అందుకునే భాగానికి) వెళ్లే చిన్న కప్లింగ్ కండెన్సర్. మైనం పూసిన ఆ కాగితపు కండెన్సర్ లీకైతే గ్రిడ్ మీదికి ప్లస్ వోల్టేజ్ వచ్చేస్తుంది. పాట వస్తూనే ఉంటుంది, వాల్వు మాత్రం లోపల మాడిపోతుంటుంది. మా ఇంట్లోని సెట్‌లో పాట గంటసేపటికి బొంగురుపోవడానికి కారణం ఇదే. ఈఎల్84 రెండో పిన్ను (అదే గ్రిడ్) దగ్గర మీటర్ పెట్టి వోల్టేజ్ చూడండి, దాదాపు సున్నా ఉండాలి. లేకపోయినా ఉన్నా, 630 వోల్టుల పాలియెస్టర్‌ది పెట్టేయడం మేలు.

ప్లగ్గు పీకాక కూడా మెయిన్ కండెన్సర్‌లో 250 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు. 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఐఎఫ్ డబ్బాల (ట్యూనింగ్ కాయిల్స్ ఉన్న చిన్న రేకు డబ్బాల) పైన కనిపించే స్క్రూలు మాత్రం చచ్చినా తిప్పకండి.

పార్టులకి కోఠి గుజరాతీ గల్లీ. కండెన్సర్లు, రెసిస్టర్లు, వాల్యూమ్ కంట్రోల్ గరగరకి కాంటాక్ట్ క్లీనర్, అన్నీ అక్కడే. వాల్వులు అదృష్టం కొద్దీ దొరుకుతాయి. విప్పి తీసుకోవడానికి పాత సెట్లు కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరగండి. రిపేరుకి ఇస్తే కొందరు "ఇవన్నీ ఇప్పుడు దొరకయ్ అన్నా, లోపల బ్లూటూత్ బోర్డు పెట్టిస్త" అంటారు. ఒప్పుకోకండి. ఒకసారి ఛాసిస్ తీసేశాక మిగిలేది చెక్కపెట్టె.

అంతా అయ్యాక గరగర తప్ప ఏమీ రాకపోతే రేడియోని తిట్టకండి. అపార్ట్‌మెంట్లలో ఎల్ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్లు మీడియం వేవ్‌ని మింగేస్తాయి. అవి ఆపి, బాల్కనీ నుంచి నాలుగైదు మీటర్ల తీగ ఏరియల్ సాకెట్‌కి తగిలించండి. ఆకాశవాణి హైదరాబాద్ ఏ కేంద్రం 738 కిలోహెర్ట్జ్. మీ డయల్ మీద మీటర్లే ఉంటే 406 దగ్గర వెతకండి. విజయవాడ 837, అంటే 358 మీటర్లు. అది రాత్రిళ్లు బాగా పలుకుతుంది.

వెనక 'గ్రామ్' లేదా 'పికప్' అని సాకెట్ ఉంటే ఫోన్‌లోని పాటలు కూడా అందులోంచి వినొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్‌కి మాత్రమే. వాల్వు నంబర్లు, ఛాసిస్ కింద వైపు ఫొటో ఇక్కడ పెట్టండి, ఏయే కండెన్సర్లు మార్చాలో గుర్తుపెట్టి చెప్తాను.