దుకాణం నుంచి పుట్టిన తలుపు కడ్డీ

ప్రశ్న: సినిమా హాళ్లలో తలుపుకు అడ్డంగా ఉండే కడ్డీని నొక్కగానే తెరుచుకుంటుంది. దీన్ని ఒక హార్డ్‌వేర్ దుకాణం వారే తయారు చేయించారని విన్నాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిజమే. జర్మనీ నుంచి వలస వెళ్లిన క్లెమెన్స్ వానగట్ 1852లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పెట్టిన దుకాణం, తాళాలు, బందులు వంటి సామాను అమ్ముతూ ఆ నగరంలో పేరున్న వ్యాపారంగా ఎదిగింది. 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరాక్వా థియేటర్‌లో మంటలు చెలరేగి సుమారు 600 మంది చనిపోయారు. టికెట్ లేనివారు రాకుండా కొన్ని తలుపులకు తాళాలు వేయడం, మరికొన్నింటి గడియలు ఎలా తీయాలో జనానికి తెలియకపోవడం ప్రాణనష్టాన్ని పెంచాయి. ఆ రోజు ఆ ప్రదర్శనకు వెళ్లవలసి ఉండి, పని ఒత్తిడివల్ల ఆగిపోయిన కార్ల్ ప్రింజ్లర్ వానగట్ దుకాణం ఉద్యోగే. ఆయన హెన్రీ డ్యూపాంట్ అనే ఆర్కిటెక్టుతో కలిసి రూపొందించిన కడ్డీని 1908 నుంచి ఆ దుకాణమే ముగ్గురి పేర్లూ కలిపిన 'వాన్ డ్యుప్రిన్' పేరుతో అమ్మింది.

అందులోని కీలకం చాలా తేలిక: బయటినుంచి తాళం వేసి ఉన్నా, లోపల కడ్డీని ఎక్కడ నొక్కినా, ఆఖరికి తోపులాటలో ఒంటి బరువు పడినా, దానికి కలిపిన గడియ వెనక్కి జరుగుతుంది. వెతకవలసిన పిడి లేదు, తిప్పవలసిన తాళంచెవి లేదు. సామాను తెచ్చి అమ్మడంతో సరిపెట్టుకోకుండా, తమ సరుకులో లోపించినదేమిటో గమనించడమే ఈ దుకాణం ప్రత్యేకత అని నాకనిపిస్తుంది. నేడు ఆ బ్రాండు, 2013లో ఇంగర్సాల్ ర్యాండ్ నుంచి విడివడిన అలీజియన్ సంస్థ చేతిలో ఉంది.