ఇరవై కౌంటర్లు, ఒక్క బంతి

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ఆదివారం సాయంత్రం మీ అత్తగారిని, మామగారిని, మరిదిని, పిల్లలిద్దరినీ కారులో ఎక్కించుకుని గుంటూరు నుంచి వస్తామన్నావు. బందరు రోడ్డు వైపు కొత్తగా పెట్టిన ఆ పెద్ద హాల్లో తింటామన్నావు. ఒకే కప్పు కింద ఇరవై కౌంటర్లు, మూలన రెండు బార్లు. "ఎవరికి నచ్చింది వాళ్లు తింటారు, గొడవుండదు పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నాకు దిగులు పట్టుకుంది. ఎవరికి నచ్చింది వాళ్లు తినడానికైతే ఏడుగురు కలిసి ఇంత దూరం రావడం దేనికి?

ఒకసారి మా పెద్ద ఆడపడుచుని ఇలాగే ఒక ఫుడ్ కోర్టుకి తీసుకెళ్లాం. ఆవిడని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, అందరి హ్యాండ్‌బ్యాగులూ ఒళ్లో పెట్టి, "సీట్లు పోతాయి వదినా, చూస్తుండండి" అని తలో దిక్కూ పోయాం. ఒకరు తెచ్చుకుని తినేసరికి ఇంకొకరు వచ్చారు. ఆవిడకి చెప్పిన మసాలా దోసె అన్నిటికంటే ముందే అయిపోయిందట. టోకెన్ నంబరు పిలిచారట. ఆ హోరులో ఆవిడకి వినబడలేదు. నేను తెచ్చి ముందు పెట్టేసరికి దోసె అంచులు ఆరిపోయి పైకి లేచాయి, అడుగు చెమర్చి కాగితానికి అంటుకుపోయింది. వేలి చివరలతో కాగితాన్ని కొంచెం కొంచెంగా ఊడదీసుకుంటూ తిన్నారు. అప్పటికి మా పిల్లలు ఐస్‌క్రీముల దగ్గరున్నారు. "నాకేం అంత ఆకలి లేదులేమ్మా" అన్నారు. అంతమందిమి వెళ్లి ఆవిడని ఒక్కదాన్నే కూర్చుని తినేలా చేశాం. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ దోసె మాత్రం నాకు కళ్లముందే ఉంది.

అందుకని చెబుతున్నాను. కౌంటర్లు ఎన్నయినా ఉండనీ, మీ టేబుల్ దగ్గర మాత్రం బంతి భోజనం జరగాలి. దానికి కొంచెం ముందే ఆలోచించుకోవాలి, అంతే.

ఆరున్నరకల్లా లోపల ఉండండి. ఎనిమిది దాటాక ఆదివారం అలాంటి చోట టేబుల్ దొరకదు, దొరికినా వెనకాల ఎవరో ఒకరు మీరెప్పుడు లేస్తారా అని నిలబడతారు. చెయ్యి కడుక్కునే చోటుకి దగ్గరగా, స్పీకరుకీ బారుకీ దూరంగా ఉన్న టేబుల్ పట్టండి. సీట్లు కాయడానికి మీ మరిదిని కూర్చోబెట్టు, పెద్దవాళ్లని కాదు. మీ అత్తగారిని నీతోపాటు తిప్పు. ఏమీ కొనకుండా హాలంతా ఒక చుట్టు రండి. ఆవిడ ఏ కౌంటరు దగ్గర ఆగుతారో గమనించు. "ఏం తింటారు అత్తయ్యా" అని అడిగితే "ఏదో ఒకటి" అంటారు. ఆగిన చోటే అసలు జవాబు ఉంటుంది.

ఏడుగురికి ఏడు ప్లేట్లు చెప్పకండి. నాలుగు రకాలు చాలు, ఖాళీ ప్లేట్లు అడిగి తీసుకుని మధ్యలో పెట్టుకుని పంచుకోండి. అవి అయ్యాక ఇంకా ఆకలుంటే మరో రెండు. అన్నీ ఒకేసారి చెబితే ఒకటి వేడిగా ఉండగా ఇంకొకటి చల్లారిపోతుంది. ముందు బిర్యానీలాంటి ఆలస్యమయ్యేవి చెప్పి, అవి రావడానికి ఐదు నిమిషాల ముందు పునుగులో బజ్జీలో చెప్పాలి. వేయించినవి ఎప్పుడూ చివర్లో చెప్పి ముందు తినాలి. మామగారికి షుగర్ కదా, ఇలాంటి చోట భోజనం ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. మాత్ర టైము చూసుకుని, బ్యాగులో రెండు బిస్కెట్లు ఉంచుకో.

ఇక ఏ కౌంటరు మంచిదన్న సంగతి. పద్దెనిమిదేళ్లు కర్రీ పాయింట్ నడిపినదాన్ని కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను. బోర్డు మీద బొమ్మలు చూడకు, బాణలి చూడు. కొత్త వాయ వేసినప్పుడు నూనెలో నురగ వచ్చి వెంటనే అణిగిపోవాలి. పిండి తీసేశాక కూడా సబ్బు నురగలా అంచుల వెంట నిలిచిపోతే, మంట తగ్గించినా పొగ వస్తుంటే, ఆ నూనె ఎన్నోసార్లు కాగిందన్నమాట. నూనె మళ్లీమళ్లీ కాగినకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జూలై నుంచి రూల్ ఉంది. నా దగ్గర కొలిచే మిషను లేదు, ఆ నురగే చూసుకుని పారబోసేదాన్ని. వేడిగా అమ్మే వంటకం 60 డిగ్రీల పైన ఉండాలి. మూత తీస్తే ఆవిరి రాని కూర, గోరువెచ్చటి బిర్యానీ ఎంత గొప్ప పేరున్న కౌంటర్లోదైనా వద్దు. "ఈ బిర్యానీ ఎప్పుడు దించారు బాబూ?" అని అడుగు. నిజంగా వండేవాడు టైము చెబుతాడు. కౌంటరు దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు కనబడేలా పెట్టాలి, అది కూడా చూడు. బెజవాడ ఎండలకి కొబ్బరి చట్నీ సాయంత్రానికి పులుస్తుంది, అల్లం పచ్చడి నిలుస్తుంది. పునుగుల్లోకి అల్లం పచ్చడే వేయించుకో.

ఇంకో మాట. మీ అత్తగారు ఆదివారమైనా నీచు ముట్టరన్నావు. కోడిగుడ్డు బజ్జీ, మిరపకాయ బజ్జీ ఒకే బాణలిలో వేయించే కౌంటర్లు చాలా ఉంటాయి. ముందే అడుగు. "అదేం లేదండీ" అని తల ఎత్తకుండా చెబితే నమ్మకు, శాకాహారం మాత్రమే వండే కౌంటరుకి వెళ్లు. ఆవిడ తినడం మొదలుపెట్టాక తెలిస్తే ఆ రాత్రంతా బాధపడతారు.

హాలుకి వెళ్లి ఇడ్లీ తినకండి. వెన్న వేసిన ఇడ్లీ కావాలంటే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఉంది, ఇంకోసారి పొద్దున్నే వద్దురుగాని. ఇంట్లో చేసుకోలేనివి, పెద్ద మంట మీద, పెద్ద పెనం మీద అయ్యేవి అక్కడ తినండి.

బారు సంగతి రాయకుండా దాటేయొచ్చు, కానీ నీ గొంతులో టెన్షన్ అంతా దాని గురించేనని నాకు తెలుసు. అల్లుడుగారు ఒక బీరు తాగితే కొంప మునగదు. దాని గురించి మామగారి ముందు మొహం ముడుచుకోకు. ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. ఎంత తాగాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నది కారెక్కక ముందే తేలిపోవాలి. అందరూ తినడం మొదలుపెట్టే వేళకి ఆయన టేబుల్ దగ్గరుండాలి. ఇది మాత్రం గట్టిగా అడుగు. విస్కీ చెబితే స్మాలా, లార్జా అన్నది ఆయనే స్పష్టంగా చెప్పాలి. స్మాల్ అంటే 30 మి.లీ., లార్జ్ అంటే 60. చెప్పకపోతే వాళ్లే పెద్దది పోస్తారు.

మీ మరిదికి 20 ఏళ్లే. మన దగ్గర 21 నిండకుండా మందు అమ్మకూడదు. "ఒక్క గుక్కే కదా వదినా" అంటే నవ్వి ఊరుకోకు. పిల్లలకి మాక్‌టెయిల్ చెప్పినప్పుడు "మందు లేకుండా" అని తెలుగులోనే చెప్పి, వచ్చాక ముందు నువ్వు రుచి చూడు. మందున్నదీ, లేనిదీ రెండూ ఒకేలాంటి గ్లాసులో, ఒకే రంగులో, పైన అదే పుదీనా ఆకుతో వస్తాయి.

కారు తాళాలు మాత్రం మొదటి నుంచీ నీ బ్యాగులోనే ఉండాలి. నువ్వు డ్రైవింగ్ నేర్చుకున్నది ఇలాంటి రోజుకే. వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి మీదుగా రాత్రిపూట లారీల మధ్య వెళ్లాలి, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసే. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "ఒక్క బీరేగా" అన్న లెక్క ఊదే మిషను దగ్గర పనికిరాదు. జరిమానా కంటే నాకు ఆ వెనక సీటు మీదే భయం.

డబ్బుల సంగతి పెద్దగా ఏం లేదు. కొన్నిచోట్ల కార్డులో డబ్బు వేయించుకుంటేగానీ అమ్మరు. తక్కువగా వేయించు, వచ్చేటప్పుడు మిగిలింది అడిగి వెనక్కి తీసుకో. లోపల సిగ్నల్ లేక ఫోన్‌పే ఆగిపోతుంది, వెయ్యి రూపాయల దాకా చేతిలో నగదు ఉంచుకో. తిండి మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, మందు మీద జీఎస్టీ లేదు. సర్వీస్ చార్జి వాళ్లంతట వాళ్లు బిల్లులో కలపకూడదని 2022 జూలైలోనే మార్గదర్శకాలు వచ్చాయి. కలిపితే తీసేయమని అడుగు. తీయకపోతే వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కి ఫోన్ చేయవచ్చు. కానీ టేబుల్ శుభ్రం చేసే అమ్మాయి చేతిలో మాత్రం ఒక నోటు పెట్టు. నేను ఆ పని చేశాను, రాత్రి పదింటికి కాళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

అందరివీ వచ్చాక, మొదటి ముద్ద మీ అత్తగారు పెట్టుకునేదాకా ఆగండి. పిల్లలకీ చెప్పు.

మీరు అక్కడ ఎంత తిన్నా మామగారికి చివర్లో పెరుగన్నం లేకపోతే నిద్రపట్టదని పెళ్లిలోనే చూశాను. చిన్న గిన్నెలో కలిపి, దానిమ్మ గింజలు వేసి ఉంచుతాను. తొమ్మిదిన్నరకి బయటికి రాగానే ఫోన్ చెయ్యి, గేటు తీసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ