జీన్స్ (జన్యువులు), మందుల లెక్కలకు బీఫార్మసీ చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్ చదువుతోంది. జీన్స్‌ని బట్టి ఏ మందు ఎవరికెలా పనిచేస్తుందో లెక్కకట్టే రంగంలోకి వెళ్తానంటోంది. బంధువులేమో దానికి మళ్లీ మొదటినుంచి బీఫార్మసీ చదవాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: బీఫార్మసీ వద్దమ్మా. ఈ పనికి కావాల్సిన అసలు చదువు మీ అమ్మాయి ఇప్పుడు చదువుతున్నదే.

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ సంగతి చూడండి. ఒకరికి రోజుకు 2 మిల్లీగ్రాములు సరిపోతే మరొకరికి 10 పడుతుంది. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. 2009లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 5 వేలకు పైగా రోగుల వయసు, ఎత్తు, బరువులకు వీకేఓఆర్‌సీ1, సీవైపీ2సీ9 అనే రెండు జీన్స్‌ని జతచేసి డోసు అంచనా కట్టారు. వాడింది మల్టిపుల్ లీనియర్ రిగ్రెషనే, అంటే చాలా అంశాల్ని కలిపి ఒక ఫలితాన్ని అంచనాకట్టే లెక్క. కాకపోతే వారం డోసుకి బదులు దాని వర్గమూలాన్ని తీసుకున్నారు. అమ్మాయికి చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

ఏ జీనో ముందే తెలియనప్పుడే అసలు కష్టం. జీనోమ్‌లో, అంటే మన మొత్తం జన్యు సమాచారంలో, 10 లక్షల చోట్ల వెతికితే, 0.05 హద్దు (సంబంధం లేకున్నా ఉన్నట్టు కనిపించే అవకాశం నూటికి ఐదు) పెట్టుకున్నా, ఏ సంబంధమూ లేని 50 వేల చోట్ల ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఆ హద్దును 0.00000005కి దించారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్‌లో ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం త్వరగా తగ్గదు, సొంతంగా ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఆ మందును విడగొట్టే ఎంజైమ్ జీన్‌లో తేడాయే కారణం. తరతరాలుగా సొంతవాళ్లలోనే పెళ్లిళ్లు జరిగినచోట ఇలాంటి తేడాలు ఒకే వర్గంలో పోగుపడతాయి. ఇది లెక్కలోకి తీసుకోకపోతే, ఆ వర్గంలో ఎక్కువగా కనిపించే, మందుతో సంబంధం లేని జీన్ మీద నింద పడుతుంది. ఈ ఊళ్ల సంగతి తెలిసిన స్టాటిస్టీషియన్లు ఈ రంగానికి చాలా అవసరం. మీ అమ్మాయి ఆసక్తి చూస్తే నాకు సంతోషంగా ఉంది.

ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్ అనే ఎంట్రన్స్‌లో మ్యాథమేటికల్ స్టాటిస్టిక్స్ పేపర్, కోల్‌కతా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో స్టాటిస్టిక్స్ పీజీ అయిన ఎంస్టాట్ ఎంట్రన్స్, రెండూ రాయించండి. రాకపోతే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఎమ్మెస్సీ ఉంది. ఈలోగా ఆర్ ప్రోగ్రామింగ్ (స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే కంప్యూటర్ భాష), ఇంటర్ బైపీసీ పుస్తకంలో జన్యుశాస్త్రం పాఠాలు నేర్చుకోమనండి. ఎమ్మెస్సీతో క్లినికల్ రీసెర్చ్ (మందుల్ని మనుషుల మీద పరీక్షించే) కంపెనీల్లో బయోస్టాటిస్టిక్స్ ఉద్యోగాలుంటాయి, హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. జీన్స్ మీదే పరిశోధన అంటే పీహెచ్‌డీకి సిద్ధపడాలి. ఆ ఏళ్లు ఫెలోషిప్ వస్తే ఇంటిమీద భారం తక్కువే. జామ్ ఫిబ్రవరిలో ఉంటుంది, పాత పేపర్లు ఆన్‌లైన్‌లో ఉచితం.