కువైట్ ఎండలో దాహం వేసేదాకా ఆగొద్దు

"అన్నా, రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తాగాలి?" జూన్ వచ్చిందంటే కొత్తగా దిగినవాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఇదే. మూడో నాలుగో అని ఒక లెక్క చెప్పేస్తే నాకూ పని తీరిపోతుంది. కానీ మాలియాలో ఏసీ ఆఫీసులో కూర్చునే అకౌంటెంటుకూ, అహ్మదీ వైపు ఎండలో నిలబడే వెల్డరుకూ, సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేసే అక్కకూ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? లీటర్ల సంగతి పక్కన పెట్టి, మీ డ్యూటీలో నీళ్లు ఎప్పుడు తాగగలరో, తాగకుండా మిమ్మల్ని ఆపుతున్నదేంటో ముందు చూసుకోండి. ఇక్కడ నీళ్లకు కరువు లేదు. మసీదు గోడ పక్కన, బకాలా (చిన్న కిరాణా కొట్టు) ముందు, ఎక్కడ చూసినా కూలర్లే. అయినా మనవాళ్లు ఎండిపోయి ఆసుపత్రిలో చేరుతూనే ఉంటారు.

"కడప ఎండలు చూసి వచ్చినోళ్లం, మాకిదేమన్నా కొత్తా?" అంటారు కొందరు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనకు తెలిసిందే. కానీ 2016 జులై 21న ఇదే కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. పైగా ఇక్కడి గాలి చాలా రోజులు పొడిగా ఉంటుంది. చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది కాబట్టి ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. సాయంత్రం చొక్కా విప్పి చూడండి, వీపు మీద, చంకల దగ్గర తెల్లటి చారలు కట్టి ఉంటాయి. ఆ చారలు ఉప్పు. ఆగస్టులో తేమ పెరిగిన రోజుల్లో ఇంకో కష్టం. చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు.

దాహం వేసేసరికే ఆలస్యమై ఉంటుంది. అందుకే బయట పనిచేసేవాళ్లు పదిహేను, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు లోపు, తాగుతూ ఉండాలి. పొద్దున క్యాంపు బస్సు ఎక్కే ముందే రెండు గ్లాసులు తాగండి. మధ్యాహ్నం దాకా ఊరుకుని ఒకేసారి లీటరున్నర బాటిల్ ఎత్తితే కడుపు ఉబ్బడం తప్ప లాభం లేదు. గంటకు లీటరున్నర దాటకుండా చూసుకోండి.

మొదటి రెండు వారాలు ఇంకా జాగ్రత్త. ఒళ్లు ఈ వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఊరెళ్లి నెలా రెండు నెలలు ఉండి వచ్చిన పాతవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, ఆ అలవాటు సెలవులో పోతుంది. ఫోర్‌మన్ ముందు మంచిపేరు కోసం తొలిరోజే అందరికంటే ఎక్కువ బరువులు మోయకండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. పని చేయిస్తే మ్యాన్‌పవర్ అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఐదు గంటలూ నీడన పడుకుని ఫోను చూస్తూ నీళ్ల సంగతే మరిచిపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఒంట్లోంచి పోయిన నీరు మళ్లీ నింపుకోవాల్సింది అప్పుడే కదా.

ఇక ఉప్పు. గంటల తరబడి చెమట కక్కుతూ ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. చూసేవాళ్లు వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. మూడుపూటలా మామూలుగా అన్నం, కూర తినేవాళ్లకు తిండిలోనే చాలావరకు ఉప్పు అందుతుంది. పొద్దున ఏమీ తినకుండా సైటుకు పోయేవాళ్లకే తంటా. బకాలాలో దొరికే లబన్ కొనుక్కోండి, మన మజ్జిగే అనుకోండి. నీళ్లు పోసి చిటికెడు ఉప్పు వేసుకుంటే పని జరిగిపోతుంది. మరీ నీరసంగా ఉంటే ఓఆర్ఎస్. పొడి దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకు సమంగా కొలిచి కలుపుకోండి. ఉప్పు కాస్త ఎక్కువైతే మంచిదిలే అనుకోవద్దు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు దీన్ని రోజువారీ జ్యూసులా తాగకూడదు.

ఊరినుంచి వచ్చేటప్పుడు ఓఆర్ఎస్ తెచ్చుకునేవాళ్లు పొడి ప్యాకెట్లే తెచ్చుకోండి, లీటరుకు కలిపేదో 200 మిల్లీలీటర్లకు కలిపేదో దాని మీద చదివి మరీ కలపండి. టెట్రా ప్యాకుల్లో తియ్యటి పానీయాలకు ఆ పేరు తగిలించి ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాద్‌ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ పట్టు వదలకుండా పోరాడాక, 2025 అక్టోబరులో మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని తేల్చింది. పాత సరుకు ఎవరింట్లోనన్నా ఉంటే అది చక్కెర నీళ్ల కిందే లెక్క. ఎనర్జీ డ్రింకులతో ఎండను గెలుద్దామనుకునే కుర్రాళ్లకూ ఇదే చెప్తాను.

ఇప్పుడు ఎవరూ పైకి అడగని సంగతి. మన ఆడవాళ్లు చాలామంది దాహమేసినా తాగరు. కారణం బాత్రూం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన అక్కచెల్లెళ్లు "మాటిమాటికీ బాత్రూంకి పోతే మామా (ఇంటి యజమానురాలు) ఏమంటుందో" అని గొంతు తడుపుకుని ఊరుకుంటారు. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట్లో, మేడ మీద గదికి పోయి రావడానికే పది నిమిషాలు. రెండు నెలలు తిరిగేసరికి యూరిన్ ఇన్‌ఫెక్షన్, మంట, చలిజ్వరం. అప్పుడు క్లినిక్‌కి తీసుకుపొమ్మని అడగాలంటే ఇంకో టెన్షన్. అమ్మా, వంటింట్లో మీకంటూ ఒక బాటిల్ పెట్టుకోండి. వాళ్లు కనబడేలా పెట్టుకోండి, దాచి తాగాల్సిన పని లేదు. చేరిన మొదటి వారంలోనే "నేను నీళ్లు ఎక్కువ తాగుతాను" అని మామాకి చెప్పేస్తే తర్వాత బాత్రూంకి వెళ్లినప్పుడల్లా సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. మొహమాటం వల్ల పోయేది మీ కిడ్నీలే.

ఇంటి డ్రైవర్లదీ ఇదే తంతు. స్కూలు ముందు, మాల్ ముందు కారులో గంటలు గంటలు కూర్చుంటారు, దిగితే ఫోను వస్తుందని భయం. పెట్రోలు బంకుల్లో, మసీదుల్లో, కోఆపరేటివ్ సొసైటీల దగ్గర బాత్రూంలు ఉంటాయి. మీ రూటులో ఎక్కడెక్కడున్నాయో ఒకసారి చూసి పెట్టుకోండి.

సరిపడా తాగుతున్నామో లేదో చూసుకోవడానికి మూత్రం రంగును మించిన లెక్క లేదు. లేత పసుపులో ఉంటే పరవాలేదు. ముదురు రంగులో, ఘాటు వాసనతో, కొంచెమే వస్తే నీళ్లు చాలలేదన్నట్టే. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్నరోజు మాత్రం ముదురు పసుపు రావడం మామూలే.

"కుళాయి నీళ్లు తాగొచ్చా?" అన్నది రెండో ప్రశ్న. ఒకప్పుడు ఈ ఊరికి తాగునీళ్లు ఇరాక్ వైపున్న షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో వచ్చేవి. 1950లలో సముద్రపు నీటిని మరిగించి మంచినీళ్లు చేయడం మొదలుపెట్టారు. ఫోటోలు దిగడానికి అందరూ పరుగెత్తే కువైట్ టవర్స్ పెద్ద గోళాల్లో కూడా నీళ్లు నిలవ ఉంటాయి. సర్కారు పంపే నీటితో పేచీ లేదు, పేచీ మీ బిల్డింగు పైనున్న ట్యాంకుతో. అది ఎప్పుడు కడిగారో హారిస్‌ని, అంటే బిల్డింగు వాచ్‌మన్‌ని అడగండి. సరైన జవాబు రాకపోతే గదిలో అందరూ కలిసి పెద్ద క్యాన్లు తెప్పించుకోవడం మేలు. ఎండాకాలం ఆ ట్యాంకు నీళ్లు స్నానానికి కూడా పనికిరానంత కాగిపోతాయి. అందుకే పాతవాళ్లు జూన్ రాగానే బాత్రూంలో హీటరు స్విచ్ ఆపేసి, దాంట్లో నిలవున్న నీళ్లనే చల్లనీళ్లుగా వాడుకుంటారు. కొత్తవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు, ఒకసారి చేసి చూడండి.

నీళ్లు చాలకపోతే కిడ్నీలో రాళ్లూ రావచ్చు. నడుం పక్కనుంచి గజ్జల్లోకి పాకే పోట్లు వస్తే అది రాయి కావచ్చు, పెయిన్ కిల్లర్ మింగి డ్యూటీకి పోకండి. ఒకసారి రాయి వచ్చినవాళ్లు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత తాగాలి, అంటే ఎండలో పనిచేసేవాళ్లు తాగాల్సింది అంతకు బాగా ఎక్కువే. ఆవకాయ, అప్పడాల ఉప్పు తగ్గించాలి. బీరు తాగితే రాయి పడిపోతుందని ఊళ్లో చెప్పే వైద్యం ఇక్కడ ఎత్తకండి. మందు అమ్మడమే నేరమైన దేశంలో దొంగచాటుగా దొరికేది ఏదైనా ప్రాణాల మీదికి తెస్తుంది. 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన సరుకు తాగి ఇరవైమందికి పైగా పోయారు.

రంజాన్ నెలలో పగలు నలుగురి ముందు నీళ్లు తాగడం చట్టప్రకారం తప్పు, మీరు ఏ మతమైనా సరే. బాటిల్ బ్యాగులో ఉంచుకుని గది లోపల తాగండి.

గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు పైన చెప్పిన లెక్కలేవీ పాటించకుండా ముందు డాక్టరును అడగాలి. పక్కనున్న మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 112కి ఫోన్ చేయండి. నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో మాత్రం చుక్క నీరు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.