సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తే రీకాల్ పూర్తయినట్టేనా?

ప్రశ్న: "మా ఎలక్ట్రిక్ కారుకు భద్రతా రీకాల్ ఉందని, అంటే లోపం సరిచేయడానికి కారును వెనక్కి పిలుస్తున్నామని, కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి అరగంటలో పంపించేశారు. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?"

ఉండవద్దనే చెబుతాను. కారు నడపడం మానేయమని కాదు, వాళ్లు చేసిన పనిని కాగితం మీద రాయించుకునే వరకూ, ఆ తర్వాత కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచే వరకూ, కారు ప్రవర్తనను గమనిస్తూనే ఉండమని నా ఉద్దేశం. నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను, దాని వల్ల ఒక రాత్రి కుటుంబంతో సహా జాతీయ రహదారి మీద నిలబడ్డాను కాబట్టి, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ముందుగా సాఫ్ట్‌వేర్ మాట. హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ కార్లు మంటల్లో చిక్కుకున్నప్పుడు, 2020 చివరలో ఆ కంపెనీ వివిధ దేశాల్లో వేల కార్లను వెనక్కి పిలిచి, బ్యాటరీని పర్యవేక్షించే వ్యవస్థకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. మన దేశంలో కూడా ఆ డిసెంబరులో 456 కోనా కార్లను పిలిచారు. మరుసటి నెలలోనే దక్షిణ కొరియాలోని దేగు నగరంలో, అప్పటికే ఆ అప్‌డేట్ వేయించుకున్న ఒక కారు కాలిపోయింది. ఫిబ్రవరికల్లా కంపెనీ మాట మార్చి, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 82,000 వాహనాల్లో బ్యాటరీలనే మారుస్తామని ప్రకటించింది. అమెరికాలో షెవ్రొలే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కారు కథ కూడా దాదాపు ఇదే. 2020 నవంబరులో దాదాపు 69,000 కార్లను పిలిచి, ముందు 90 శాతానికి మించి ఛార్జ్ కాకుండా కట్టడి చేశారు, మరుసటి వసంతంలో లోపాన్ని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చి సమస్య తీరిందన్నారు. 2021 జులైలో, ఆ మరమ్మతు చేయించుకున్న కార్లు కూడా అంటుకున్నట్టు తేలింది. ఆగస్టు కల్లా అప్పటివరకూ తయారైన బోల్ట్ కార్లన్నీ, అంటే దాదాపు 1,42,000, రీకాల్ కిందికి వచ్చాయి. కారణం ఏమిటంటే, బ్యాటరీలో ఉండే అనేక సెల్‌లలో ఏదో ఒకే సెల్‌లో ఆనోడ్ ట్యాబ్ అనే లోహపు ముక్క చిరిగి ఉండటం, రెండు ధ్రువాలనూ వేరుగా ఉంచే సెపరేటర్ అనే పొర మడత పడి ఉండటం. ఈ రెండూ ఒకచోట కలిస్తే ప్రమాదం. చిరిగిన లోహపు ముక్కను ఏ సాఫ్ట్‌వేరూ అతికించలేదు. అది చేయగలిగినదల్లా ముందుగా హెచ్చరించడం, లేదా ఆ సెల్ మీద భారం తగ్గించడం. తర్వాత, 2023లో, కొన్ని కొత్త మోడల్ బోల్ట్ కార్లకు బ్యాటరీ మార్చడానికి బదులు, 10,000 కిలోమీటర్ల పాటు 80 శాతం ఛార్జింగ్‌తో నడుపుతూ పరీక్షించే సాఫ్ట్‌వేర్‌నే ఇచ్చారు. ఆ పద్ధతి కొంత నయం, ఎందుకంటే అది పరీక్ష కొనసాగుతోందని ఒప్పుకుంటుంది. మీకు అరగంటలో వేసి పంపించిన అప్‌డేట్ ఏ కోవకు చెందినదో, అంటే లోపాన్ని సరిచేసేదా, లోపం ఉన్న కారును వెతికి పట్టుకునేదా అన్నది, మీరు సర్వీస్ అడ్వైజర్‌ను అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం.

ఇక నా సంగతి. నాది పైన చెప్పిన కార్లలో ఏదీ కాదు, దాని పేరు ఇక్కడ రాయను. 2024 శ్రావణంలో విజయవాడలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి చూసుకుని, మా అమ్మ, నా భార్య, పదేళ్ల కూతురితో హైదరాబాద్ తిరిగి వస్తున్నాము. కోదాడ దాటినప్పటి నుంచి కుండపోత వాన. సూర్యాపేటలో ఆగి, ఛార్జింగ్ పెట్టుకుని, టీ తాగి బయలుదేరే సరికి రాత్రి తొమ్మిది దాటింది. కొర్లపహాడ్ టోల్‌గేటు ఇంకా కొంత దూరం ఉందనగా, తెర మీద ఎర్రటి గుర్తు వెలిగి, విద్యుత్ వ్యవస్థలో లోపం ఉందని, సురక్షితమైన చోట వాహనం ఆపమని రాసి వచ్చింది. అప్పుడు నేను కుడి వరుసలో గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో ఉన్నాను. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పెరగకపోగా, అరవై, నలభై, ఇరవై అంటూ పడిపోతూ వచ్చింది. వెనక నుంచి ఒక లారీ హారన్ మోగిస్తూ దగ్గరికి వస్తోంది, దాని లైట్ల వెలుగు మా కారంతా నిండిపోయింది. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎడమ వరుస ఎలా దాటానో ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు. ముందు చక్రాలు మట్టి అంచులోకి దిగాక కారు పూర్తిగా ఆగిపోయింది. వైపర్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. అమ్మ ఒక్కటే మాట అంది: "నాన్నా, ముందు పిల్లను దించు."

రోడ్డుకు అవతల రేకుల కప్పుతో ఒక చిన్న హోటల్ ఉంది. అప్పటికే మూసేస్తున్న ఆ హోటలాయన, మేము వానలో నిలబడి ఉండటం చూసి, టార్పాలిన్ పట్ట కప్పుకుని రోడ్డు దాటి వచ్చి, అమ్మను "పెద్దమ్మా, జాగ్రత్త" అంటూ చెయ్యి పట్టుకుని దాటించాడు. అర్ధరాత్రి వరకూ లైటు ఆర్పకుండా మాతోనే కూర్చున్నాడు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కంపెనీ వాళ్ల అత్యవసర సహాయ నంబరుకు ఫోన్ చేస్తే గంటన్నర తర్వాత ఒక బండి వచ్చింది. అది ముందు చక్రాలను మాత్రమే గొలుసుతో ఎత్తి, వెనక చక్రాలను రోడ్డు మీద దొర్లిస్తూ లాక్కుపోయే రకం. మోటారు వెనక చక్రాలకు ఉన్న నా కారును అలా లాగితే, ఆ మోటారు తిరిగి విద్యుత్తు పుట్టించి లోపలి భాగాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆ మాట యజమాని పుస్తకంలోనే స్పష్టంగా రాసి ఉంది. డ్రైవరుకు అది చూపించి, కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని పట్టుబట్టాను. అది రావడానికి మరో రెండు గంటలు పట్టింది. ఎలక్ట్రిక్ కార్లు అమ్మే కంపెనీ, వాటిని ఎలా తరలించాలో తన సహాయ సిబ్బందికి నేర్పకపోవడం నా దృష్టిలో క్షమించరాని విషయం.

అసలు అన్యాయం మర్నాడు జరిగింది. సర్వీస్ సెంటర్‌లో కారు ఆన్ చేస్తే మామూలుగా నడిచింది, ఎందుకంటే అప్పటికి తడి ఆరిపోయింది. ఎక్కువ వోల్టేజీ ఉండే తీగలకు, కారు లోహపు శరీరానికి మధ్య ఇన్సులేషన్ బాగుందో లేదో ఎలక్ట్రిక్ కారు తనంతట తానే కొలుచుకుంటూ ఉంటుంది. తడి చేరి ఆ కొలత పడిపోతే హెచ్చరిస్తుంది, కొన్ని సందర్భాల్లో శక్తిని తగ్గిస్తుంది. తడి ఆరిపోతే కొలత మళ్లీ సరిపోతుంది, లోపం మాయమైనట్టు కనిపిస్తుంది. అడ్వైజర్ స్కాన్ చేసి, పాత ఎర్రర్ కోడ్ చెరిపేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, "ఇప్పుడు ఏ సమస్యా లేదు సార్" అన్నాడు. కారు సమస్యనూ, చేసిన పనినీ రాసే జాబ్ కార్డు చూస్తే, మన ఫిర్యాదు రాయవలసిన కస్టమర్ వాయిస్ అనే గడిలో "జనరల్ చెకప్" అని ఉంది. హైవే మీద కారు ఆగిపోయిన మాట లేదు, ఎర్రర్ కోడ్ లేదు, వాన సంగతి లేదు. నా కుటుంబం ప్రాణభయంతో గడిపిన రాత్రి వాళ్ల కాగితాల్లో జరగనే లేదు.

ఆ రోజు నేను కారు తీసుకోకుండా అక్కడే కూర్చున్నాను. తేదీ, సమయం, స్థలం, వేగం, వాన, తెర మీద వచ్చిన హెచ్చరిక ఫొటో, అన్నీ జాబ్ కార్డులో రాయమన్నాను. సిస్టమ్‌లో అన్ని అక్షరాలు పట్టవన్నారు. అయితే చేత్తో రాసి, ముద్ర వేసి ఇవ్వమన్నాను. మూడు గంటల తర్వాత ఇచ్చారు. అదే వాక్యాలను కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్‌గా పంపాను. అక్టోబరు వానలో రెండోసారి అదే గుర్తు వెలిగింది, ఈసారి ఊళ్లోనే. మళ్లీ రాయించాను. మూడోసారికి వాళ్లు కారును లిఫ్ట్ మీద ఎత్తి, వాహనం అడుగున ఉన్న ఒక కనెక్టర్ విప్పితే, లోపల నీటి చెమ్మ, పచ్చటి తుప్పు కనిపించాయి. కనెక్టరూ దాని తీగలూ ఉచితంగా మార్చారు. కొన్నాళ్లకు అదే మోడల్ ఉన్న మా ఆఫీసు సహోద్యోగికి "సర్వీస్ క్యాంపెయిన్" పేరుతో అదే కనెక్టర్ మార్చుకోమని ఫోన్ వచ్చింది. రీకాల్ అన్న మాట ఎక్కడా వాడలేదు. నా రాతల వల్లే ఆ క్యాంపెయిన్ వచ్చిందని నేను నమ్ముతాను.

అందుకే మీకు చెప్పదలచిన అసలు విషయం ఇది. నోటితో చెప్పిన ఫిర్యాదు నీటి మీద రాత. మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేరింది. వాహనంలో లోపం వల్ల అందులో ప్రయాణించేవారికీ, రోడ్డు మీది ఇతరులకూ హాని కలిగే పరిస్థితి ఉండి, ఆ లోపాన్ని నిర్ణీత శాతం యజమానులు గానీ, పరీక్షా సంస్థ గానీ, మరొకరు గానీ కేంద్ర ప్రభుత్వానికి తెలియజేస్తే, రీకాల్‌కు ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. ఏడేళ్లలోపు వాహనాలకు అవి వర్తిస్తాయి, ఆదేశాన్ని పాటించని కంపెనీకి పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంది. "ఇంత మంది యజమానులు చెబితే" అని చట్టమే లెక్క పెట్టినప్పుడు, చెప్పని యజమాని ఆ లెక్కలో లేనట్టే. కేంద్ర రవాణా శాఖవారి పరివహన్ పోర్టల్‌లో వాహన రీకాల్ ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. అయినా కారు మొరాయించిన మరుక్షణం వీడియో తీసి నలుగురికీ పంపేవారే గాని, ఆ విభాగంలో పది నిమిషాలు కూర్చుని వివరాలు నింపేవారు నాకు తెలిసినవారిలో ఇద్దరే కనిపించారు. అమెరికాలో ఉండే మన వాళ్లకు ఈ పని ఇంకా తేలిక. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో పదిహేడు అక్షరాల వాహన సంఖ్య కొడితే, పూర్తికాని రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. యజమానుల ఫిర్యాదులు కూడా అందరూ చదివేలా ఉంటాయి. అలాంటి బహిరంగ పట్టిక మనకూ కావాలి.

ఒకసారి చేసిన మరమ్మతే చివరిది అనుకోకూడదనడానికి మన దగ్గరే మరో ఉదాహరణ ఉంది. పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టుల చిన్న బ్యాటరీని ఛార్జ్ చేసే ఐసీసీయూ అనే భాగంలో లోపం కారణంగా, 2024లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయోనిక్ 5 కార్లను, కియా 1,138 ఈవీ6 కార్లను పిలిచాయి. 2025 ఫిబ్రవరిలో కియా అదే భాగం సాఫ్ట్‌వేర్ కోసం మళ్లీ 1,380 ఈవీ6 కార్లను పిలిచింది. అయినా బహిరంగంగా సంఖ్య చెప్పి పిలవడాన్ని నేను తప్పు పట్టను, గౌరవిస్తాను. నా కోపమంతా చాటుగా సర్వీస్ క్యాంపెయిన్ పేరుతో సర్దేసేవారి మీదే.

ఇందులో నన్ను బాధించే మరో విషయం అపార్ట్‌మెంట్లు. బోల్ట్ యజమానులకు కారును ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచమని, రాత్రంతా ఇంట్లో ఛార్జింగ్ పెట్టి వదిలేయవద్దని సలహా ఇచ్చారు. హైదరాబాద్‌లో సెల్లార్ తప్ప వేరే చోటే లేని మనలాంటివారు ఆ సలహాను ఎలా పాటించాలి? రీకాల్ వార్త ఒకటి పేపర్లో వస్తే చాలు, అసోసియేషన్ వారు అందరి ఛార్జింగ్ పాయింట్లూ పీకేయాలని తీర్మానం చేస్తారు. మా అసోసియేషన్ సమావేశంలో నేను నా జాబ్ కార్డులు చూపించి, లోపం ఉన్న మోడల్ వేరు, లేనివి వేరు అని ఒప్పించడానికి రెండు ఆదివారాలు పట్టింది. పాయింట్లు నిలిచాయి, ప్రతి ఛార్జింగ్ పాయింటుకూ విడిగా ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే తానే ఆపేసే స్విచ్, పెట్టించారు, సెల్లార్‌లో పొగ పసిగట్టే పరికరాలు కూడా వచ్చాయి.

మీరు ఇప్పుడు చేయవలసింది, ఆ అరగంట పనికి ఇచ్చిన జాబ్ కార్డు బయటికి తీయడం. అందులో రీకాల్ సంఖ్య, ఎక్కించిన సాఫ్ట్‌వేర్ వెర్షన్, అప్పటికి కారు తిరిగిన కిలోమీటర్లు ఉన్నాయో లేదో చూడండి. "అప్‌డేట్ చేయబడింది" అన్న రెండు మాటలే ఉంటే, రేపే వెళ్లి మిగతావి రాయించుకోండి. తర్వాత సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ చేసి పదికి పది మార్కులు వేయమని బతిమాలతారు, ఆ కాగితం చేతికి వచ్చేదాకా వేయకండి. రాయడానికి ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదన్న సంగతినే ఈమెయిల్‌లో కంపెనీకి రాసి, దాని నకలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.